సిమ్యులేటర్‌లో సెస్నా 172 నిజమైన విమానంలా మోగాలంటే

“రికార్డింగ్ ఇంత బాగుంది, తీరా సిమ్యులేటర్‌లో పెట్టాక ఇంజిన్ కుట్టుమిషన్‌లా ఎందుకు మోగుతోంది?” ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం విమానాలు తయారు చేసేవాళ్లు, ఉన్న విమానాలకు మెరుగులు దిద్దేవాళ్లు మాటిమాటికీ అడిగే ప్రశ్న ఇది. జవాబు చిన్నదే. ఒకే రికార్డింగ్‌ను 700 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) నుంచి 2,700 దాకా సాగదీస్తున్నారు. పైగా ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తున్నారు గానీ, ఎంత భారం మోస్తోందో పట్టించుకోవడం లేదు. ఈ రెండూ సరిచేయకుండా ఎంత ఖరీదైన మైకు కొన్నా ఫలితం ఉండదు. సరిచేస్తే మాత్రం ఫోనులో చేసిన రికార్డింగ్ కూడా చాలావరకు నిలబడుతుంది.

ఉదాహరణకు ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్‌లోని సెస్నా 172పిని, అంటే ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానాన్ని, తీసుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉచితం, విమానం దానితోపాటే వస్తుంది, శబ్దాల అమరిక అంతా మామూలు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటుంది కాబట్టి ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఎక్స్‌ప్లేన్ వాడేవాళ్లు ఇవే పనులను ఎఫ్‌మాడ్ స్టూడియోలో, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 వాడేవాళ్లు వైజ్‌లో చేయాలి. ఈ రెండూ శబ్దాలు అమర్చే సాఫ్ట్‌వేర్లే. అక్కడ బటన్లు వేరు, లెక్క ఒకటే. జెట్ విమానాల సంగతి వేరే. ఫ్యాన్ రొద, కంప్రెసర్ ఈల, వెనుక నుంచి వచ్చే హోరు విడివిడిగా నడుస్తాయి కాబట్టి వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

కావలసినవి

• ఫ్లైట్‌గేర్, అందులోని సెస్నా 172పి ఫోల్డర్‌కు ఒక నకలు. మార్పులన్నీ నకలులోనే చేయండి. అసలు ఫోల్డర్‌లో చేస్తే తర్వాతి అప్‌డేట్ మీ పనినంతా తుడిచేయవచ్చు.
• ఆడాసిటీ, లేదా మీకు అలవాటైన మరో ఆడియో ఎడిటర్.
• ఎక్స్‌ఎంఎల్ రాయడానికి ఏదో ఒక టెక్స్ట్ ఎడిటర్.
• చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు. ల్యాప్‌టాప్ స్పీకర్లతో ఈ పనికి దిగవద్దు. ఈ ఇంజిన్ అసలు గొంతు 80 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, ఆ స్పీకర్లలో అది దాదాపు వినపడదు. వినపడనిదాన్ని పెంచుతూ పోయి, చివరికి పైశబ్దాలన్నీ చెవులు చిల్లులు పడేలా చేస్తారు.
• 172పి పైలట్ మాన్యువల్. వేగాల పరిమితులు, ఏ పరికరం దేనితో నడుస్తుంది వంటి వివరాలు పదేపదే కావాల్సి వస్తాయి.

ముందు ఒక లెక్క

సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు. 172పిలో ఉన్నది లైకమింగ్ ఓ-320 ఇంజిన్: నాలుగు సిలిండర్లు, 160 హార్స్‌పవర్, గరిష్ఠంగా 2,700 ఆర్‌పీఎం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నాలుగూ కలిస్తే చుట్టుకు రెండు దెబ్బలు. ప్రొపెల్లర్‌కు గేరు లేదు, క్రాంక్‌షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది. దానికి రెండు రెక్కలు, కాబట్టి అదీ చుట్టుకు రెండుసార్లే గాలిని కొడుతుంది. అంటే ఇంజిన్ మోత, ప్రొపెల్లర్ మోత ఒకే పౌనఃపున్యం మీద కూర్చుంటాయి. ఆర్‌పీఎంను 30తో భాగిస్తే ఆ సంఖ్య హెర్ట్జ్‌లలో వస్తుంది. 2,400 దగ్గర 80 హెర్ట్జ్, 1,700 దగ్గర దాదాపు 57, 700 దగ్గర 23. తిరగేసి, హెర్ట్జ్‌ను 30తో గుణిస్తే ఆర్‌పీఎం. ఈ లెక్కను కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి.

1. రికార్డింగులు సేకరించండి

ఇంజిన్ ఒకే వేగంలో నిలకడగా తిరుగుతున్నప్పటి ముక్కలు కావాలి: ఖాళీగా తిరిగేటప్పుడు 800 దగ్గర, మాగ్నెటోల (స్పార్కు ఇచ్చే పరికరాల) పరీక్ష చేసే 1,700 దగ్గర, ప్రయాణ వేగంలో 2,400 దగ్గర. ఒక్కొక్కటి కనీసం 20 సెకన్లు ఉండాలి. వీలైతే కాక్‌పిట్ లోపల ఒకసారి, బయట ఒకసారి. వీటికి తోడు స్టార్టర్ తిరగడం, ఇంజిన్ ఆగిపోవడం, ఫ్లాపుల (రెక్క వెనుక అంచున కిందికి దిగే పలకల) మోటారు, స్విచ్చులు, తలుపు గొళ్లెం.

ఫోనులో రికార్డు చేస్తే ముందుగా ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ తగ్గింపు వంటివన్నీ ఆపేయండి. అవి పనిచేస్తుంటే 800కూ 2,400కూ ఒకే బిగ్గరదనం వస్తుంది, ఇంజిన్ రొదను నేపథ్య శబ్దమనుకుని ఫోను దాన్నే చెరిపేస్తుంది. స్థాయి మీటరు −6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. లోపల రికార్డు చేసేటప్పుడు మైకును ప్యానెల్ లోహానికి ఆనించవద్దు. గుడ్డలో చుట్టి సీటు మీద పెట్టండి, లేకపోతే విమానం అదురును రికార్డు చేసుకుని ఇంటికి వస్తారు.

హెచ్చరిక: తిరుగుతున్న ప్రొపెల్లర్ కంటికి ఆనదు. దాని ఎదుట గానీ, రెక్కలు తిరిగే వరుసలో పక్కల గానీ ఎప్పుడూ నిలబడవద్దు. మైకు, తీగ, స్టాండు ఎక్కడ పెట్టాలన్నది విమానం బాధ్యత చూసేవాళ్లే తేల్చాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మాత్రమే వాటిని కదపండి.

విమానాశ్రయాల్లో రికార్డు చేయడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఫ్లయింగ్ క్లబ్బుకు రాతపూర్వకంగా అడిగి వెళ్లడం మంచిది. హైదరాబాద్ వైపు ఉన్నవాళ్లకు బేగంపేటలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శన విమానాలను దగ్గరగా వినడానికి మంచి అవకాశం. కానీ అక్కడి జనం గోలలో లూపుకు, అంటే ఆపకుండా తిరిగి తిరిగి వాయించే ముక్కకు, పనికొచ్చే రికార్డింగ్ రాదు. వెళ్లేది చెవికి తర్ఫీదు కోసమే అనుకోండి.

సొంతంగా కుదరకపోతే ఫ్రీసౌండ్ లాంటి భాండాగారాల్లో వెతకండి. అక్కడ ప్రతి ఫైలుకూ లైసెన్సు వేరు. హక్కులన్నీ వదిలేసిన సీసీ జీరో ఫైళ్లతో ఏ చిక్కూ లేదు. వాణిజ్యేతర షరతు ఉన్నవాటిని జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద పంచే ఫ్లైట్‌గేర్ విమానాల్లో కలపడం కుదరదు. వీడియోల నుంచి శబ్దం లాగే ఆలోచన మానుకోండి. హక్కుల సమస్య ఒకటి. అదీగాక కాక్‌పిట్ వీడియోల్లో చాలావాటికి శబ్దం హెడ్‌సెట్ తీగ నుంచి వస్తుంది, అందులో ఉండేది పైలట్ మాటే. ఇంజిన్ పలచబడి ఉంటుంది.

విమానం తల మీదుగా దూసుకుపోయిన రికార్డింగ్ ఎంత అందంగా ఉన్నా లూపుకు పనికిరాదు. 100 నాట్ల వేగంతో వచ్చే విమానం శ్రుతి, వచ్చేటప్పుడు దాదాపు 18 శాతం పైన, పోయేటప్పుడు 13 శాతం కింద ఉంటుంది. ఈ మార్పును, అంటే డాప్లర్ ప్రభావాన్ని, సిమ్యులేటర్ తనే లెక్కకట్టి కలుపుతుంది. రికార్డింగ్‌లోనూ అది ఉంటే రెండుసార్లు పడుతుంది.

2. రికార్డింగ్ అసలు ఆర్‌పీఎం తేల్చండి

రికార్డు చేసినప్పుడు టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే గేజి) చూసి రాసుకున్న అంకె కచ్చితమని నమ్మవద్దు. నిలకడగా ఉన్న ముక్కను ఎంచుకుని ఆడాసిటీలో అనలైజ్ మెనూలోని స్పెక్ట్రమ్ ప్లాట్ తెరవండి. సైజు 16,384 లేదా అంతకన్నా ఎక్కువ పెట్టండి. చిన్న సైజులో శిఖరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. కిందివైపు ఎత్తైన శిఖరం ఎక్కడుందో చూసి 30తో గుణించండి. 79 హెర్ట్జ్ దగ్గర ఉంటే 2,370.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నాలుగు సిలిండర్లు ఎప్పుడూ సరిసమానంగా మండవు కాబట్టి 20, 40, 60 హెర్ట్జ్‌ల దగ్గర కూడా చిన్న శిఖరాలు కనిపిస్తాయి. 160 దగ్గర మరొకటి పెద్దదిగా ఉండవచ్చు. 40ని పట్టుకుంటే ఆర్‌పీఎం 1,200 అని, 160ని పట్టుకుంటే 4,800 అని తేలుతుంది. రెండోది ఈ ఇంజిన్‌కు అసాధ్యం కాబట్టి వెంటనే దొరికిపోతుంది. మొదటిది మాత్రం నమ్మించి మోసం చేస్తుంది. రాసుకున్న అంకెకు దగ్గరగా ఉన్న శిఖరాన్నే ఎంచుకోండి.

ఇంకో మాట. నేల మీద ఆపి ఉంచి థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే మీట) పూర్తిగా తెరిచిన రికార్డింగ్‌ను 2,700 అని పేరుపెట్టి దాచుకునేవాళ్లు ఉన్నారు. రెక్కల కోణం మారని ప్రొపెల్లర్ ఉన్న ఈ విమానం కదలకుండా నిలబడి 2,700 చేరుకోలేదు. అది ఆగేది 2,300, 2,400 మధ్యే. ఆ ఒక్క తప్పు శ్రుతినంతా కిందికి లాగేస్తుంది.

3. లూపులు కోయండి

ఒక పూర్తి ఇంజిన్ చక్రం అంటే రెండు చుట్లు. దాని నిడివి సెకన్లలో కావాలంటే 120ని ఆర్‌పీఎంతో భాగించండి. 2,400 దగ్గర 0.05 సెకను. లూపు నిడివి ఈ నిడివికి పూర్ణ గుణిజంగా ఉండాలి: 80 చక్రాలు కోస్తే సరిగ్గా 4 సెకన్లు. 1,700 దగ్గర 68 చక్రాలకు 4.8 సెకన్లు, 800 దగ్గర 40 చక్రాలకు 6 సెకన్లు. మీ రికార్డింగ్ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క మీరే వేసుకోండి. మూడు లూపుల నిడివీ ఒకటే కాకుండా చూసుకోండి. ఒకటే అయితే అన్నీ ఒకేసారి మొదటికొస్తుంటాయి, ఆ తిరుగుడును చెవి పసిగడుతుంది.

కోసే చోట రెండు కొసలూ సున్నా రేఖ మీద, తరంగం పైకి వెళ్తున్న దిశలో ఉండాలి. ఆడాసిటీలో జెడ్ మీట నొక్కితే ఎంపిక అంచులు దగ్గరలోని సున్నా దాటే చోటుకు జరుగుతాయి. అయినా టిక్కుమంటుంటే మొదటి 50 మిల్లీసెకన్లను, చివరి 50 మిల్లీసెకన్లను ఒకదానిలోకి ఒకటి క్రాస్‌ఫేడ్ చేయండి.

పరీక్ష: లూపును ఒక నిమిషం పాటు ఆపకుండా వాయించి వినండి. టిక్కు లేకపోయినా ప్రతి నాలుగు సెకన్లకూ ఏదో ఒక చప్పుడు తిరిగి వస్తోందేమో గమనించండి. ఒక దగ్గు, ఒక సీటు కిర్రుమనడం, ఇంజిన్ ఒక్కసారి తడబడడం. విడిగా వింటే తెలియనివే లూపులో ప్రాణం తీస్తాయి. అటువంటి చోటు ఉంటే మరో ముక్క వెతకడమే మేలు, ఫిల్టర్లతో కుస్తీ పట్టవద్దు.

4. మోనోగా, 16 బిట్ వేవ్‌గా దాచండి

ఫ్లైట్‌గేర్ శబ్దాలు ఓపెన్‌ఏఎల్ అనే శబ్ద లైబ్రరీ ద్వారా వస్తాయి. స్టీరియో ఫైలును ఓపెన్‌ఏఎల్ దిక్కూ దూరమూ చూసి వినిపించదు. బయటి వ్యూలో విమానం ఎంత దూరం పోయినా ఇంజిన్ మీ నెత్తిమీదే ఉంటుంది. కనుక మోనో. ప్రతి లూపు అత్యున్నత స్థాయిని −6 డెసిబెల్స్ దగ్గర ఉంచండి. ఫైలు పేరులోనే ఆర్‌పీఎం రాయండి, ఆర్నెల్ల తర్వాత మీకే ఉపయోగపడుతుంది.

5. శ్రుతిని ఆర్‌పీఎంకు కట్టండి

విమానం ఫోల్డర్‌లోని సౌండ్స్ ఉపఫోల్డర్‌లో శబ్దాల ఎక్స్‌ఎంఎల్ ఉంటుంది. ఇక్కడ ట్యాగుల పేర్లను పలికే తీరులో ఇస్తున్నాను, ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. ప్రతి శబ్దానికీ ఒక భాగం. అందులో పేరు, ఫైలు దారి, మోడ్, ఎప్పుడు మోగాలో చెప్పే కండిషన్, వాల్యూమ్, పిచ్ ఉంటాయి. ఇంజిన్ లూపులకు మోడ్ ‘లూప్డ్’.

పిచ్ కింద ప్రాపర్టీగా (సిమ్యులేటర్‌లో మారుతుండే విలువకు పెట్టిన పేరు) ఇంజిన్ ఆర్‌పీఎంను ఇచ్చి, ఫ్యాక్టర్‌గా 1ని రికార్డింగ్ ఆర్‌పీఎంతో భాగించిన విలువ పెట్టండి. 2,400 లూపుకు 0.000417, 1,700కు 0.000588, 800కు 0.00125. దీంతో 2,400 దగ్గర ఆ లూపు పిచ్ సరిగ్గా 1 అవుతుంది. ఇక్కడ ‘సుమారు’ పనికిరాదు. రెండు లూపులు కలిసి మోగేటప్పుడు ఒకదాని లెక్క 1 శాతం తప్పినా, 80 హెర్ట్జ్ పక్కన 79.2 నిలబడి, సెకనుకు ఒకసారి కన్నా కాస్త నెమ్మదిగా ఊం... ఊం... అని ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. రెండు ఇంజిన్లున్న విమానంలో అది సహజం. 172కు ఉన్నది ఒక్క ఇంజిన్.

ప్రాపర్టీ పేరు సరిగ్గా తెలియకపోతే ఊహించి రాయవద్దు. సిమ్యులేటర్ నడుస్తుండగా డీబగ్ మెనూలోంచి ప్రాపర్టీల జాబితా తెరిచి, ఇంజిన్ల కింద అంకెలు కదలడం చూసి, అక్కడి దారినే రాసుకోండి. పేరులో ఒక్క అక్షరం తప్పినా సిమ్యులేటర్ గొడవ చేయదు. ప్రాపర్టీ విలువ సున్నా అనుకుని మౌనంగా ఉండిపోతుంది.

6. పొరలను ఒకదానిలోంచి ఒకటిలోకి జార్చండి

ఏ లూపునూ దాని సొంత ఆర్‌పీఎం నుంచి మరీ దూరం లాగకూడదు. 800 లూపు 1,200 దాకా, 1,700 లూపు 1,000 నుంచి 2,200 దాకా, 2,400 లూపు 1,900 నుంచి పైకి మోగితే చాలు. వాల్యూమ్‌ను ఆర్‌పీఎం టేబుల్‌గా ఎక్స్‌ప్రెషన్ రూపంలో రాయండి. 800 లూపుకు 1,000 దాకా 1, 1,200 దగ్గర 0. 1,700 లూపుకు 1,000 దగ్గర 0, 1,200 దగ్గర 1, 1,900 దగ్గర 1, 2,200 దగ్గర 0. 2,400 లూపుకు 1,900 దగ్గర 0, 2,200 నుంచి పైకి 1.

ఇలాగే వదిలేస్తే మధ్యలో, అంటే రెండూ 0.5 ఉన్నచోట, మోత కుంగినట్టు వినిపిస్తుంది. వేర్వేరు రికార్డింగులు కలిసినప్పుడు వాటి శక్తులు కూడతాయి, తరంగాల ఎత్తులు కూడవు. అందుకని 1,100 దగ్గరా, 2,050 దగ్గరా రెండు పొరలకూ 0.7 చొప్పున అదనపు మెట్టు పెట్టండి. కుంగడం పోతుంది.

7. భారాన్ని విడిగా వినిపించండి

మొత్తం పనిలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. 2,400 ఆర్‌పీఎం దగ్గర పూర్తి థ్రాటిల్‌తో పైకి ఎక్కుతున్న ఇంజిన్ వేరు, అదే 2,400 దగ్గర థ్రాటిల్ బాగా తగ్గించి ముక్కు కిందికి దించి దిగుతున్న ఇంజిన్ వేరు. మొదటిదానిలో ఎగ్జాస్టు గట్టిగా, పగులుతున్నట్టు ఉంటుంది. రెండోదానిలో గాలే ప్రొపెల్లర్‌ను తిప్పుతోంది, ఇంజిన్ గొణుగుతుంటుంది. టాకోమీటర్ రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. ఆర్‌పీఎంకు మాత్రమే కట్టిన శబ్దం ఈ తేడాను ఎప్పటికీ పట్టుకోలేదు. మీ విమానం బొమ్మలా మోగడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే.

భారాన్ని కొలవడానికి మానిఫోల్డ్ పీడనం, అంటే సిలిండర్లలోకి వెళ్లే గాలి పీడనం, వాడండి. నిజమైన 172పి ప్యానెల్‌లో ఆ గేజి ఉండదు, కానీ సిమ్యులేటర్‌లోని ఇంజిన్ లెక్కలో విలువ ఉంటుంది. సముద్రమట్టం దగ్గర పూర్తి థ్రాటిల్‌లో అది 28, 29 అంగుళాల పాదరసం దాకా వెళ్తుంది, థ్రాటిల్ మూస్తే 10, 12కు పడిపోతుంది. ప్రతి ఇంజిన్ లూపుకూ రెండో వాల్యూమ్ భాగం రాసి, 10 దగ్గర 0.35, 20 దగ్గర 0.65, 29 దగ్గర 1 అని టేబుల్ ఇవ్వండి. ఒకే శబ్దానికి రెండు వాల్యూమ్ భాగాలు ఉంటే సిమ్యులేటర్ వాటిని గుణిస్తుంది. ఆఫ్‌సెట్లను (విలువకు అదనంగా కలిపే అంకెలను) మాత్రం గుణించదు, చివర్లో కూడుతుంది. అందుకే ఇక్కడ ఆఫ్‌సెట్ వాడితే ఆగిపోవలసిన లూపు కూడా అడుగున సన్నగా మోగుతూనే ఉంటుంది. టేబుల్‌తో ఆ బాధ లేదు.

థ్రాటిల్ మీట స్థానాన్నే వాడితే సరిపోదా అని అడుగుతారు. నేల దగ్గర సరిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి, ప్రతి 1,000 అడుగులకూ పీడనం దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. మీట పూర్తిగా తోసి ఉన్నా 8,000 అడుగుల ఎత్తులో ఇంజిన్‌కు ఆ బలం ఉండదు. మానిఫోల్డ్ పీడనం వాడితే ఇది దానంతటదే వినిపిస్తుంది.

బిగ్గరదనంతోపాటు స్వరమూ మారాలంటే 2,400 దగ్గర రెండు లూపులు కావాలి: ఒకటి ఎక్కుతున్నప్పటిది, ఒకటి దిగుతున్నప్పటిది. రెండో రికార్డింగ్ దొరకకపోతే మొదటిదానికి నకలు తీసి 600 హెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని తగ్గించే లో-పాస్ ఫిల్టర్ వేసి వాడుకోండి. నూటికి నూరు శాతం నిజం కాదు గానీ, లేనిదానికన్నా ఎంతో నయం.

కండిషన్‌లో ఇంజిన్ ‘రన్నింగ్’ ప్రాపర్టీ తప్పకుండా ఉండాలి. గాల్లో ఇంజిన్ ఆగిపోయినా ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూనే ఉంటుంది, ఆర్‌పీఎం సున్నా కాదు. ఈ కండిషన్ లేకపోతే చచ్చిన ఇంజిన్ హాయిగా పాడుతుంటుంది.

8. గాలి హోరు

దీనికి ఆధారం గాలి వేగం మాత్రమే. 40 నాట్ల కింద ఏమీ వద్దు. అక్కడి నుంచి వేగపు వర్గాన్ని బట్టి పెంచుతూ, 172పికి దాటకూడని 158 నాట్ల దగ్గర గరిష్ఠానికి తీసుకెళ్లండి. ఈ లెక్కన 79 నాట్ల దగ్గర గరిష్ఠంలో నాలుగో వంతు ఉంటుంది. నేరుగా గీతలా పెంచితే ల్యాండింగ్ వేగంలోనే హోరు ఇంజిన్‌ను కప్పేస్తుంది. ఫ్లాపులు దించినప్పుడు కొద్దిగా గరగర కలపండి. రన్‌వే మీద ఎదురుగాలికి నిలబడి ఉన్నప్పుడు కూడా గాలి వేగం చూపిస్తుంది కాబట్టి నేల వేగాన్ని వాడవద్దు.

9. చిన్న శబ్దాలు

విమానాన్ని ఎరిగినవాళ్లు ముందుగా పట్టుకునేవి ఇవే.

స్టాల్ (వేగం తగ్గి రెక్క ఎత్తే బలం కోల్పోవడం) హెచ్చరిక: 172పిలో ఇది విద్యుత్ బజర్ కాదు. ఎడమ రెక్క ముందు అంచులో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. స్టాల్ దగ్గరపడేసరికి అక్కడ ఏర్పడే చూషణ, గొట్టం ద్వారా గాలిని లాగి కాక్‌పిట్‌లో ఎడమవైపు పైమూలనున్న రీడ్‌ను మోగిస్తుంది. స్టాల్‌కు 5 నుంచి 10 నాట్ల ముందు సన్నగా, వణుకుతూ మొదలై, దగ్గరయ్యేకొద్దీ గట్టిపడుతుంది. బీప్ బీప్ మనే ఫైలు పెట్టవద్దు. బ్యాటరీ కండిషన్ అసలే పెట్టవద్దు, మాస్టర్ స్విచ్ ఆపేసినా ఇది మోగాలి.

ఫ్లాపులు: వీటికి విద్యుత్ మోటారు. కాబట్టి ఇక్కడ బ్యాటరీ కండిషన్ కావాలి. మోడ్‌ను ‘ఇన్-ట్రాన్సిట్’గా పెడితే ఫ్లాపు కదులుతున్నంతసేపే మోగుతుంది. మీట నొక్కగానే మోగి ఆగిపోయే ఫైలు పెడితే ఫ్లాపు ఇంకా దిగుతుండగానే నిశ్శబ్దం వస్తుంది.

గైరోలు: మాస్టర్ స్విచ్ వేయగానే టర్న్ కోఆర్డినేటర్ అనే మలుపు చూపే పరికరంలోని విద్యుత్ గైరో సన్నగా ఈల వేస్తూ వేగం అందుకుంటుంది. విమానం ఆపాక, ఇంజిన్ చప్పుడు పోయిన తర్వాత, గైరోలు నిమిషాల తరబడి శ్రుతి దిగజారుతూ తిరుగుతూనే ఉంటాయి. చాలా తక్కువ స్థాయిలో పెట్టండి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు వినపడకపోవడమే సరైన స్థాయి.

ఇంధన పంపు: పెట్టవద్దు. ఇది పైన రెక్కలున్న కార్బురేటర్ విమానం, ఇంధనం భూమ్యాకర్షణతో దిగుతుంది. వేరే విమానం ఫైలు నుంచి నకలు చేసేవాళ్లు లేని పంపును మోగిస్తుంటారు.

టైర్లు: నేలను తాకిన క్షణంలో కీచు, తర్వాత నేల వేగాన్ని బట్టి దడదడ. మూడు చక్రాలకూ మూడు విడి శబ్దాలు ఉండాలి. నేల తాకిందని చెప్పే ప్రాపర్టీ తొలి క్షణాల్లో ఆన్ ఆఫ్ అవుతూ కొట్టుకుంటుంది కాబట్టి కీచు వరుసగా నాలుగైదుసార్లు వినపడవచ్చు. గాల్లో కనీసం ఒక సెకను ఉన్నాకే మళ్లీ మోగేలా కండిషన్ రాయండి. గడ్డి మీద కీచు ఉండదు.

10. లోపలికీ బయటికీ వేర్వేరుగా

సిమ్ కింద కరెంట్-వ్యూలో ఉండే ‘ఇంటర్నల్’ ప్రాపర్టీని కండిషన్‌గా పెట్టి, కాక్‌పిట్ లూపులనూ బయటి లూపులనూ వేరు చేయండి. లోపలి రికార్డింగ్ లేకపోతే బయటిదానికి 1,200 హెర్ట్జ్ దగ్గర లో-పాస్ వేసి, కాస్త తగ్గించి వాడుకోవచ్చు. బయటి శబ్దాలకు పొజిషన్, రిఫరెన్స్ దూరం, గరిష్ఠ దూరం ఇవ్వండి.

హెడ్‌సెట్ పెట్టుకున్న చెవికి వినపడినట్టు చేయాలా, ఉత్త చెవికా అన్నది ముందే తేల్చుకోండి. మామూలు హెడ్‌సెట్ పైశబ్దాలను ఎక్కువగా ఆపుతుంది. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్ కిందివాటినీ తినేస్తుంది. సగం శబ్దాలు ఇలా, సగం అలా చేస్తే ఏదీ నప్పదు. నా ఓటు ఉత్త చెవికే. కావాలంటే వినేవాళ్లే వాల్యూమ్ తగ్గించుకుంటారు.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

ఫైలు మార్చిన ప్రతిసారీ సిమ్యులేటర్‌ను మూసి మళ్లీ తెరవండి. ఎక్స్‌ఎంఎల్‌లో ఒక ట్యాగు మూయడం మరిచిపోతే ఒక్క శబ్దం కాదు, ఫైలు మొత్తం మూగబోతుంది. అంతా నిశ్శబ్దమైతే ముందు అదే చూసి, తర్వాత ఫైలు దారులు చూడండి.

మొదటి పరీక్ష: పార్కింగ్ బ్రేకు వేసి, కళ్లు మూసుకుని, థ్రాటిల్‌ను అర నిమిషం పాటు నెమ్మదిగా తోయండి. ఎక్కడైనా మోత కుంగినా, ఎగిరినా, ఊగినా ఆ చోట కళ్లు తెరిచి ఆర్‌పీఎం రాసుకోండి. 1,100 దగ్గర గానీ 2,050 దగ్గర గానీ అయితే ఆరో మెట్టుకు, ఊగుడైతే రెండో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

రెండోది: 2,400 దగ్గర సిమ్యులేటర్ శబ్దాన్ని రికార్డు చేసి ఆడాసిటీలో స్పెక్ట్రమ్ చూడండి. పెద్ద శిఖరం 80 హెర్ట్జ్ మీద ఉండాలి. 84 మీద ఉంటే పిచ్ ఫ్యాక్టర్ తప్పు. తరంగం కొసలు బల్లపరుపుగా కోసినట్టు కనిపిస్తే పొరలన్నీ కలిసి పరిమితి దాటుతున్నాయని అర్థం. అన్ని గరిష్ఠ వాల్యూమ్‌లనూ ఒకే నిష్పత్తిలో తగ్గించండి, ఒక్కదాన్నే తగ్గిస్తే తూకం పోతుంది.

మూడోది: 1,700 దగ్గర ఒక్క మాగ్నెటో మీదికి మార్చండి. ఆర్‌పీఎం కొద్దిగా పడాలి, దానితోపాటే శ్రుతీ పడాలి. 100 పడితే 57 హెర్ట్జ్ 53 అవుతుంది, మామూలు చెవికి కూడా తెలిసే తేడా.

నాలుగోది: 4,000 అడుగుల ఎత్తులో మిక్స్చర్ (ఇంధనం పాళ్లు మార్చే మీట) లాగి ఇంజిన్ ఆపండి. మంట చప్పుడు పోయి గాలి మాత్రమే మిగలాలి. అలాగే మాస్టర్ స్విచ్ కూడా ఆపి, వేగం తగ్గిస్తూ స్టాల్ దాకా వెళ్లండి. రీడ్ మోగాలి, ఫ్లాపుల మోటారు మోగకూడదు.

ఐదోది: బయటి వ్యూలో విమానం చుట్టూ తిరగండి. పొజిషన్‌లో ఒక గుర్తు తారుమారైతే ఇంజిన్ తోకలోంచి మోగుతుంది. తర్వాత రన్‌వే పక్కన కెమెరా నిలిపి విమానాన్ని ముందునుంచి పోనివ్వండి. దాటే క్షణంలో శ్రుతి దిగాలి. దిగకపోతే ఆ లూపు స్టీరియోలో ఉండిపోయిందేమో చూడండి.

ఇతరులతో పంచుకునే ముందు ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి, ప్రతి వేవ్ ఫైలు ఎక్కడిది, ఎవరు రికార్డు చేశారు, ఏ లైసెన్సు కింద ఇచ్చారు అన్నది రాయండి. పేరు చెప్పాలన్న షరతు ఉన్న ఫైళ్లకు ఇది తప్పనిసరి. దాని కిందే లూపుల అసలు ఆర్‌పీఎంలు కూడా రాస్తే, తర్వాత ఎవరైనా మెరుగుపరచాలనుకున్నప్పుడు మళ్లీ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.